గుంట మగ్గం మీద గజ్జెలు: బరంపురం నాటకం డైరీ

జూన్, రథయాత్ర ముందు

డాన్సంటే ప్రాణమిచ్చే మగపిల్లల మీద గంటసేపు నడిచే నృత్య నాటకం. ఆడేదీ ఆ పిల్లలే. ప్రస్తుతానికి చేతిలో ఉన్నవి ఐదుగురు పిల్లలు, ఒక ఢోల్, కూచిపూడి నేర్పే నేను. ఊరు ఒడిశాలోని బరంపురం. పిల్లల్లో ముగ్గురు ఇక్కడి తెలుగు ఇళ్లవాళ్లు, ఇద్దరు ఒడియా ఇళ్లవాళ్లు. ఒకడికి వినపడదు. ఒకడు చక్రాల కుర్చీలో తిరుగుతాడు. అందరికంటే చిన్నవాడికి డౌన్ సిండ్రోమ్. మిగిలిన ఇద్దరికీ ఇబ్బందంతా ఇంట్లోవాళ్లతోనే.

అసలు పేర్లు ఇక్కడ రాయను. రిహార్సల్లో వాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చాలు: పులి, మేస్త్రి, జడ, గోటి, చిన్నోడు. మేస్త్రికి ఆ పేరెందుకొచ్చిందో మొదటి రోజే తెలిసింది. ఎవరెక్కడ నిలబడాలో నాకంటే ముందు వాడే చెప్పేస్తాడు.

"నీకు డాన్స్ ఎందుకిష్టం" అని ఎవర్నీ అడగలేదు. అలా అడిగితే పిల్లలు టీవీ షోల్లో విన్న జవాబులు చెప్తారు. "ఎక్కడ దాక్కుని ఆడేవాడివి" అని అడిగాను. జడ మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకట. గోటి బాత్రూంలో, కుళాయి తిప్పేసి, బకెట్ నిండేదాకా. చిన్నోడు దాక్కునే రకం కాదు, వీధిలో ఎవరింట పెళ్లయినా మేళం ముందు వాడే ఉంటాడు. మేస్త్రి నా వైపు జాలిగా చూశాడు. "దాక్కుందామంటే ఈ కుర్చీ ఏ గుమ్మం దాటుతుంది గురుమా? అందరి ముందే ఆడాను. అది డాన్సని ఎవరూ అనుకోలేదు." నాటకానికి మొదటి డైలాగు దొరికింది.

పులి చేతులతో చెప్పింది వాళ్ల అక్క మాకు నోటితో చెప్పింది. వాడూ దాక్కోలేదట. ఠాకురాణి యాత్రలో పులి వేషం కట్టి నడివీధిలో ఆడాడట. జనం దండాలు పెట్టారట.

ఈ ఊరు తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది, ఇంచుమించు నెల రోజులు సాగుతుంది. నేతవాళ్ల పెద్దను దేశిబెహెరా అంటారు. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచని, యాత్రకు పుట్టింటికి వస్తుందని నమ్మకం. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కడతారు. పులి వేషమైతే ఒళ్లంతా పసుపు రంగు, దానిమీద నల్ల చారలు, వెనక తోక, కాళ్లకు గజ్జెలు. కట్టేది మగవాళ్లే. ఆ నెలంతా మగపిల్లవాడి కాలికి గజ్జె కడితే అమ్మకు సేవ. నెల తిరిగాక అదే పిల్లవాడు అదే గజ్జె కట్టుకుంటే "ఏటిరా ఈ ఆడంగి యేసాలు" అంటారు. మొక్కు అంటే ఊరంతా ఒప్పుకుంటుంది, ఇష్టం అంటే ఒక్కరూ ఒప్పుకోరు. నాటకమంతా దీని మీదే నడపాలని మా ఢోల్ వాయించే భాయినాతో (ఒడియాలో అన్నయ్య) అన్నాను. ఆయన ఎప్పటిలాగే "దేఖిబా" అన్నాడు. చూద్దాం అని.

జూన్ ఆఖరు

రాసుకున్న నియమాలు రెండే. "పాపం, అలా ఉన్నా ఎంత బాగా ఆడాడో" అని చప్పట్లు కొట్టించుకునే సీన్ ఒక్కటీ ఉండకూడదు. ఏ పిల్లవాడి కోసం చేసిన మార్పైనా మిగతా నలుగురి ఆటలోకీ రావాలి, వాడొక్కడికే విడిగా అతికించినట్టు ఉండకూడదు. రెండోది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

జూలై, ముసురు

నా క్లాసు మేడ మీద. మెట్లు ఇరుకు, మలుపు దగ్గర మరీ ఇరుకు. మేస్త్రిని కుర్చీతో సహా ఎత్తుకుపోతామని జడ, గోటి చొక్కా చేతులు మడిచారు. వాడు ఒప్పుకోలేదు. "నలుగురు నన్ను మోసే రోజు ఎలాగూ ఒకటుంది. ఇప్పట్నుంచే ఎందుకు?" పదిహేనేళ్లవాడికి ఇంత నోరు ఉండకూడదు. ఉంది కాబట్టే నాటకం నడుస్తోంది.

చోటు వెతుకుతుంటే నేత వీధిలో ఒక పెద్దాయన తన షెడ్డు ఇచ్చారు. బరంపురం పట్టుకు జీఐ (ఫలానా ఊరి సరుకన్న) గుర్తింపు ఉంది, మంచిదే. కానీ ఈయన కొడుకులు సూరత్ పవర్‌లూముల్లో ఉన్నారు. గంజాం జిల్లాలో ఏ వీధిలో అడిగినా సూరత్ మాట వస్తుంది. మగ్గాలు విప్పేసి గోడకు జారేశారు. అవి గుంట మగ్గాలు. నేసే మనిషి నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, లోపలున్న కర్రలు తొక్కుతూ నేస్తాడు. మగ్గాలు పోయినా గుంటలు అలాగే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి.

"పూడ్పించీమంటారా అమ్మా?" అని అడిగారు పెద్దాయన. వద్దు బాబాయ్, అద్దె షెడ్డు పాడుచెయ్యడం ఎందుకని, వాటి మీద మామిడి పలకలు వేయించాం. కుర్చీ చక్రం దిగబడకూడదు, చిన్నోడి కాలు జారకూడదు. అంతకుమించి మాకే ఉద్దేశమూ లేదు.

జూలై, మరో వారం

ఇది వివరంగా రాసుకోవాలి.

ఇన్నాళ్లూ పులి పక్కవాళ్ల కాళ్లు చూసి ఆడుతున్నాడు. చూసి వేసే అడుగు ఎంత తొందరపడినా అరక్షణం వెనకే పడుతుంది. చూసేవాళ్లకు అది తెలిసిపోతుంది, వాడికి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే మధ్యలో ఆగిపోయి గోడకు ఆనుకుంటున్నాడు. ఈ రోజు ఢోల్ భాయినా పలకల చివర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఢోల్‌లో బరువు శబ్దం వచ్చే వైపు పలకకు తగులుతోంది. పులి నీళ్లు తాగి వస్తూ మధ్య గుంట మీద అడుగుపెట్టి నిలబడిపోయాడు. చెప్పులు విడిచేశాడు. కిందకు కూర్చుని అరచెయ్యి పలకకు ఆనించాడు. తర్వాత వెళ్లి భాయినా మోకాలు తట్టి, ఇంకోసారి అని సైగ చేశాడు.

భాయినా వాయించాడు. పులి లేచి ఆడాడు. ఎవరి కాళ్లూ చూడలేదు.

కారణం చాలా మామూలుది. మేడ మీద నా క్లాసులో ఉన్నది సిమెంటు గచ్చు. దాని కింద కాంక్రీటే, అది కదలదు, కాబట్టి పాదానికి ఏమీ తెలియదు. ఇక్కడ పలక కింద బోలు ఉంది. ఢోల్ మోత పలకను కదిలిస్తుంది, కింద గుంట ఆ కదలికను ఆపదు. షెడ్డు నేలంతా ఒక పెద్ద మద్దెల అయిపోయింది. లోతు శబ్దాలు పాదాల్లో, మోకాళ్లలో, రొమ్ము ఎముకలో తెలుస్తాయి. సన్నని శబ్దాలు అలా తెలియవు. నట్టువాంగంలో నేను కొట్టే తాళాల మోత, గజ్జెల గలగల పులి దాకా చేరవు. ఇన్నాళ్లూ నేను తాళం గట్టిగా కొడితే వాడికి కాస్తైనా తెలుస్తుందేమో అనుకునేవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. గట్టితనం కాదు కావలసింది, లోతు.

అందుకని సొల్లుకట్టు, అంటే అడుగులకు పలికే జతులు, మొత్తం ఢోల్ మీదికి మార్చాం. తాళాలు పక్కన పెట్టాను. కూచిపూడి వినే చెవికి మొదట్లో వెలితిగా ఉంది, ఇప్పుడు అలవాటైంది. మిగతా నలుగురికీ చెవుల్లో దూది పెట్టి పలకల మీద నిలబెట్టాను. గోటికి తొందరగా పట్టుబడింది. జడకు విసుగొచ్చింది. చిన్నోడు దూది తీసి జేబులో వేసుకుని, అదేమీ లేకుండానే సరిగ్గా ఆడాడు.

మరో సంగతి. డాన్స్ క్లాసుల్లో "కళ్లు మూసుకుని విను" అంటూంటాం. ఇక్కడ ఆ మాట నిషేధం. కళ్లు మూస్తే పులికి అందరితో మాటలు తెగిపోతాయి.

జూలై ఆఖరు

చిన్నోడి విషయం. గోటి నేర్చుకున్న బంధ నృత్యంలో ఒళ్లు వెనక్కి విల్లులా వంచడం, తల కిందులుగా నిలబడడం, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడడం ఉంటాయి. చూసేవాళ్లు వాటికే ఈలలు వేస్తారు, చిన్నోడికీ అవే కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలో పైనున్న రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. పల్టీలు కొట్టినా, తల మీద బరువు పడినా వెన్నుపాముకు ప్రమాదం. డాక్టరు చూసి సరే అనేదాకా అలాంటివి చేయించకూడదు. వాళ్లమ్మకు ఇదివరకే ఎవరో చెప్పారు, ఆవిడ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, వాడు వంగితే లేచి నిలబడుతుంది. ఆవిడ కూర్చోగలిగే డాన్స్ వేయాలన్నది నా లెక్క.

చిన్నోడికి ఒక వరస నేర్పితే దాన్ని అదే వరసలో అంతే నిడివితో ఎన్నిసార్లైనా చేస్తాడు. మిగతా నలుగురికీ ఆ నిలకడ లేదు. చిక్కంతా సీన్ అయిపోయాక వాడు లోపలికి రాడు. పిలిచినా రాడు, అక్కడే నవ్వుతూ నిలబడతాడు. మేస్త్రి పరిష్కారం చెప్పాడు: "వాడు వెళ్లినప్పుడే సీన్ అయిపోయినట్టు పెట్టండి." పెట్టాం. ఇప్పుడు ప్రతి సీనూ చిన్నోడి చేతిలో ఉంది. ఒకోరోజు నాటకం గంటకు పైనే పడుతోంది.

ఆగస్టు, వినాయక చవితి హడావుడి

మేస్త్రి కుర్చీ ఆస్పత్రి రకం. బరువు ఎక్కువ, చేతులు ఆనించే కమ్మీలు ఊడవు, ముందు చక్రాలు చిన్నవి. పలకల సందు చక్రం నడిచే దారికి సమాంతరంగా ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుని కుర్చీ ముందుకు తూలుతోంది. పలకలు తిప్పి అడ్డంగా కొట్టించాం. వాడు తనంతట తాను చుట్టూ తిరగాలంటే ఇంచుమించు ఐదడుగుల వెడల్పు ఖాళీ కావాలి. అందరి స్థానాలూ ఆ కొలత ప్రకారమే మార్చాం.

గజ్జెలు చక్రాల ఊచలకు కడదామన్నది భాయినా సలహా. తిరిగితే గలగలమంటాయి, జనానికి నచ్చుతుంది. మేస్త్రి ముఖం చిట్లించాడు. "గజ్జెలు నాకు కట్టండి భాయినా, కుర్చీకి కాదు. ఆడేది నేను." మోచేతి కింద కట్టాం. చక్రం నెట్టినప్పుడల్లా మోగుతున్నాయి, ఆపినప్పుడు వాడు కావాలనుకుంటేనే మోగుతున్నాయి.

ఇక అసలు పని. కూచిపూడిలో సింహనందిని అని ఒకటుంది. డాన్సర్ పాదాలతో అడుగులు వేస్తూనే కింద పరిచిన గుడ్డ మీద సింహం బొమ్మ గీస్తుంది. ఆ కథ చెప్పేసరికి మేస్త్రి వెంటనే, "పాదంతో సింహమైతే చక్రంతో పులి రాదా?" అన్నాడు. పులి వాడి వీపు మీద ఒకటి చరిచాడు, అంటే సరేనని.

చక్రాల లెక్క తమాషాగా ఉంది. ఒక చక్రం గట్టిగా పట్టుకుని రెండోది నెడితే, కదలని చక్రం నడిబొడ్డుగా చుట్టు పడుతుంది. తల అలా వచ్చింది. తిన్నగా పోతే పక్కపక్కనే రెండు గీతలు, అవే చారలు. తోక కోసం వెనక్కి నడుపుతూ నెమ్మదిగా మలుపు తీసుకోవాలి, అది ఇంకా కుదరలేదు, కుందేలు తోకలా వస్తోంది.

ముగ్గుపిండితో మొదలుపెట్టాం. రాతి ముగ్గు చక్రాల ఇరుసులో దూరి కిర్రుమంటోంది, పైగా చేతికి అంటి చక్రం జారుతోంది. వరిపిండి బాగుంటుంది కానీ ఈ ముసురుకు ముద్దకట్టేస్తోంది, తెల్లారేసరికి చీమలు. ఇప్పుడు బియ్యపు రవ్వలో పసుపు కలిపి వాడుతున్నాం, చీమల సంగతి చీమలే చూసుకుంటాయి. సైకిల్ వాళ్లు తొడుక్కునే గ్లవుజులు కొన్నాం. గుడ్డ ముడతలు పడి చక్రానికి చుట్టుకోవడం పెద్ద తలనొప్పి అయింది. అది పెద్దాయన తీర్చారు. మగ్గం మీద నేసిన బట్ట చుట్టే కర్ర తెచ్చి, గుడ్డ ఒక అంచు దానికి బిగించి, రెండో అంచు గోడ పక్క కర్రకు కట్టి, నేతకు బిగించినట్టే బిగించారు. ఒక్క ముడత లేదు. "నా మగ్గం ఇంకో రకంగా ఆడుతుంది" అని తనే నవ్వుకున్నారు.

సెప్టెంబరు

జడ ఇంటి గొడవ ఈ వారం షెడ్డు దాకా వచ్చింది.

వాళ్ల తాతగారిది ఇచ్ఛాపురం వైపు. తూర్పు భాగవతంలో (ఆ వైపు ఆడే వీధి నాటకం) సత్యభామ కట్టిన మనిషి. ప్యాసింజర్ రైల్లో వచ్చి మనవడికి నడక నేర్పుతారు. ఆయన కూర్చునే ఉంటారు, మెడ ఒక్కటే తిప్పి చూపిస్తారు, ఆ తిప్పడంలో భామ మొత్తం కనిపిస్తుంది. "సత్తెబామంటే మగోడే కట్టాల. మా ఊరి ఆడోళ్లు నా కాడ నడక నేర్సుకునీవోరు" అని ఆయన బడాయి. బడాయి అనడం అన్యాయమేమో. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ కట్టే పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఒడిస్సీకి ఇంత పేరు తెచ్చిన కేలుచరణ్ మహాపాత్ర పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో పుట్టి, చిన్నప్పుడు గోటిపువ (మగపిల్లలు ఆడవేషం కట్టి ఆడే ఒడియా నృత్యం) ఆడినవాడే, 2000లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. మన గంజాం ప్రహ్లాద నాటకంలో లీలావతి రాణి వేషం కూడా మగవాళ్లే కట్టేవారు. శ్రీకాకుళం తప్పెటగుళ్లలో రేకు తప్పెట రొమ్ముకు కట్టుకుని గంతులేసేదీ మగవాళ్లే. మగవాడు ఆడకూడదన్న మాట ఈ నేలలో పుట్టింది కాదు.

ఇదంతా జడ వాళ్ల నాన్నకు చెప్పాను. ఆయన సెల్‌ఫోన్ల షాపు నడుపుతారు. ఓపిగ్గా విన్నారు.

"సిరంజీవి లాగ ఆడమనండమ్మా, ముందు ఈల నానే ఏస్తాను. ఈ జడ ఏటి? మా నాన్న కట్టినప్పుడు ఊరంతా బియ్యం కొలిసి ఇచ్చీవోరు. పెద్దపెద్దోళ్లు లేసి నిలబడీవోరు. ఈడికేటిస్తారు? క్లాసులో పేరెట్టి ఏడిపిస్తారు. సాయంత్రం ఏడిసీది మా ఇంట్లో, మీ క్లాసులో కాదు గదా."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆయన చెప్పింది నిజం కాబట్టి. చిరంజీవి ఆడితే 2024లో గిన్నిస్ వాళ్లు 156 సినిమాలు, 537 పాటలు, 24 వేల స్టెప్పులని లెక్కగట్టి మరీ రికార్డు ఇచ్చారు, మనమంతా పండగ చేసుకున్నాం. డాన్స్ చేసే మగవాడంటే తెలుగువాళ్లకు పడదని ఎవరనగలరు? ఎలా ఆడాలన్నదే పేచీ. దూకితే హీరో, తల వంచి ఓరగా చూస్తే వేళాకోళం.

తాతగారు ఆ రోజు కొడుకుతో ఒక్క మాటా అనలేదు. రైలు టైమైందని లేచి, గుమ్మం దాటుతూ మనవడితో, "మెడ తిప్పినప్పుడు బుజం కదిపీసినావు. రేపు మల్లీ సెయ్యి" అన్నారు.

వాళ్ల నాన్న మాటల్నే సీను చేద్దామని జడ అడిగాడు. తండ్రిని విలన్ చేసే పని అయితే వద్దన్నాను. అలా కాదన్నాడు. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో తెర పట్టుకుంటారు, భామ ముందు తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది, అది సభకు సవాలు. మా సీన్లో ఆ జడ తెర మీద పడగానే షాపులో కస్టమర్లు మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి: రీఛార్జి, చార్జర్, స్క్రీన్ గార్డు. తండ్రి వేషం మేస్త్రిది. కౌంటర్ వెనక కూర్చుని బేరాలాడుతూ, మధ్యమధ్య తెర మీది జడ వంక చూస్తూ, దాన్ని పక్కకు తీసెయ్యాలా వద్దా అని చెయ్యి చాచి వెనక్కి తీసుకుంటాడు. అంతే సీను. ఎవరూ గెలవరు.

సెప్టెంబరు ఆఖరు

పులికీ నాకూ ముద్రల మీద తగువు. అభినయ దర్పణం అనే నాట్య గ్రంథంలో ఒక చేత్తో పట్టే హస్తాలు 28. నేను ఒక్కొక్కటి పడుతుంటే వాడు ప్రతిదానికీ "ఇది ఏ మాట" అని అడుగుతాడు. ఒక్క పతాకమే (వేళ్లు కలిపి చాచిన అరచెయ్యి) సందర్భాన్ని బట్టి మేఘమూ అవుతుంది, అడవీ అవుతుంది, నదీ అవుతుంది. వాడి సైగల్లో చెయ్యి ఎలా పట్టావన్నదే కాదు, ఎక్కడ పెట్టావు, ఎటు కదిపావు, ముఖం ఎలా ఉంది అన్నీ కలిస్తేనే మాట. అలవాటుగా నేను పట్టే ముద్ర మధ్యలో వాడికి ఇంకేదో మాటలా కనిపించి కథ తప్పుదారి పడుతోంది. ఒకసారైతే పడిపడి నవ్వాడు, నేనేమన్నానో ఇప్పటికీ చెప్పలేదు.

ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం వాళ్ల నిఘంటువులో 10 వేలకు పైగా పదాలున్నాయి, వీడియోలతో. పులి వాళ్ల అక్క, నేను ఫోన్లో చూసి కొన్ని నేర్చుకున్నాం. కానీ పులి, వాడి స్నేహితులు వాడే సైగల్లో కొన్ని అక్కడివి కావు, ఈ ఊరివి. నాటకంలో ఈ ఊరివే ఉంటాయి. సైగ ఉన్న సీన్లో ఏ ముద్ర పట్టాలన్నా పులి ఒప్పుకోవాలి. సైగ చేసేవాళ్లను మూల నిలబెట్టి లైటు వెయ్యకుండా వదిలేసే పద్ధతి ఉంది, అది మాకొద్దు. జడ, గోటి సీన్ లోపలే సైగలతో మాట్లాడతారు. చివర్లో తగువులాట పూర్తిగా సైగలే, నోటి మాట ఉండదు. వినగలిగేవాళ్లు ఆ రెండు నిమిషాలూ పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటారు. ఫర్వాలేదు.

అక్టోబరు

హాలు వెతకడం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన దగ్గర్నుంచి, అక్టోబరులో హాలు బుక్ చేయడమంటే ఈ ఊళ్లో అందరికీ టెన్షనే. షో కార్తీక పున్నమి తర్వాతే అనుకున్నాం.

ఒక హాలువాళ్లు ఫోన్లో "ర్యాంపు ఉందండీ" అన్నారు. వెళ్లి చూస్తే జనరేటర్ ఎక్కించే ఇనప పలక, వెనక సందులో. పైగా అది హాల్లోకే, స్టేజీ మీదికి కాదు. స్టేజీ మూడడుగుల ఎత్తు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉంటేనే కుర్చీలో ఉన్న మనిషి తనంతట తాను ఎక్కగలడు. మూడడుగులకు 36 అడుగుల ర్యాంపు కావాలి. ఆ హాల్లో అంత జాగా ముందు వరస కుర్చీలు తీసేసినా రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి చెప్తే మేనేజరు గారు టీ తెప్పించారు. టీ బాగుంది.

స్టేజీ వదిలేశాం. కిందే ఆడతాం, జనం మూడు వైపులా. గోటిపువ, భాగవతాలు ఏ స్టేజీ మీద పుట్టాయి? పలకలు కూడా కిందే పరవచ్చు, అయితే కింద గుంట లేదు కదా. భాయినా తోడల్లుడు వడ్రంగి. అరడుగు ఎత్తు చెక్క ఫ్రేములు చేసి వాటి మీద పలకలు బిగిస్తానన్నాడు, లోపల బోలు ఉంటుంది. ఒక ఫ్రేము చేయించి చూశాం. పులి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించాడు: కొంచెం తక్కువ. ఫ్రేము కాళ్ల కింద గోనె సంచి మడత పెడితే ఏదో తేడా వచ్చింది, వాడు తల ఊపాడు. మేస్త్రికేమో అరడుగు ఎక్కడానికి ఆరడుగుల ర్యాంపు. అది పెట్టగలం.

నవంబరు, వీధిలో ట్రయల్

షెడ్డు తలుపులు తీసి వీధి వాళ్లనే పిలిచాం. మొదలయ్యే ముందు అరగంట, చూపు లేనివాళ్లు వచ్చి వేషాలు ముట్టుకుని చూసేందుకు పెట్టాం. హార్మోనియం వాయించే ఒక పెద్దాయన వచ్చారు. భామ వేషం జడను చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇంత బరువు మోస్తూ మెడ తిప్పుతాడా" అని మెచ్చుకున్నారు. పులి వేషం దగ్గర ఆగిపోయారు. చిన్నోడికి ఒంటికి రంగు పడదు, దురద, అందుకని అందరికీ పసుపు బనియన్ల మీదే చారలు వేశాం. "చార ఎక్కడ, బనియన్ ఎక్కడ? నాకంతా ఒకటే" అన్నారాయన. నిజమే. చారల మీద నల్ల పురికొస కుట్టాలి. అమ్మలు ఆ పని పంచుకున్నారు.

ఆట సగం బాగా వచ్చింది. షాపు సీన్లో జనం మొదట నవ్వారు, తర్వాత నవ్వు తగ్గింది, ఒక మూల మాత్రం చివరిదాకా ఆగలేదు. ఆ మూల కూర్చున్నవాళ్లు జడ క్లాసువాళ్లే. జడ మెడ తిప్పాడు, భుజం కదపలేదు. సైగల తగువులాటలో ముందు వరస పిల్లలు "ఏటంటున్నాడు, ఏటంటున్నాడు" అని ఒకటే గోల, పులి స్నేహితులు ముగ్గురు మాత్రం విరగబడి నవ్వారు. చక్రాల పులికి తోక సగం వచ్చింది. చిన్నోడు చివరి సీన్ నుంచి వెళ్లలేదు. జనం లేచి ఇళ్లకు పోయాక కూడా వెళ్లలేదు.

జడ వాళ్ల నాన్న రాలేదు. షాపు కట్టేశాక వచ్చి, బయట బైకు మీదే కూర్చుని కొడుకును తీసుకెళ్లారు.

షోకు మిగిలిన పనులు: ఇంకా రెండు ఫ్రేములు, పురికొస చారలు, రవ్వ, గ్లవుజులు ఇంకో జత. ఫ్రేములు, పలకలు హాలుకు చేర్చాలంటే చిన్న వ్యాన్ కావాలి. వ్యాన్ తను మాట్లాడతానని జడ వాళ్ల నాన్న ఫోన్ చేశారు. షాపుకు సరుకు తెచ్చే డ్రైవరేనట. కిరాయి మాత్రం ముందే ఇచ్చేయాలన్నారు, అప్పు కుదరదట.